పది నిమిషాల దయ

చింతల్‌లో బస్సెక్కేటప్పుడు
మా ఇద్దరి మధ్యా ఏ రూలూ లేదు.
ఆడవాళ్ల సీటు ఆమెది, వెనక కమ్మీ నాది,
షాపూర్‌నగర్ గుంతల్లో ఊగే ఊపు ఇద్దరిదీ.

జీడిమెట్లలో ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలవుతుంది.
నేను పాండురంగం, టైమాఫీసు గుమాస్తా,
పద్దెనిమిదేళ్ల పర్మినెంటు.
ఆమె మొగులమ్మ, సీసాలు కడిగే సెక్షను,
పదకొండేళ్లుగా పదకొండు నెలల మనిషి.
ఏటా ఒక నెల కాగితం మీద లేకుండా పోయి
మళ్లీ పుడుతుంది.
లేని నెలలో కూడా సీసాలు కడుగుతూనే ఉంటుంది.

కిందటి జూన్‌లో హెడ్డాఫీసు నుంచి సర్క్యులరొచ్చింది.
"తెలుగులో రాసి బోర్డుకు పెట్టు,
వాళ్లకు అర్థం కావాలి గదా" అన్నాడు మేనేజరు.

గ్రేస్ టైం, అని ఉంది అందులో.
పెన్ను అక్కడ ఆగింది.
గ్రేస్ మార్కులతో పదో తరగతి గట్టెక్కినవాణ్ని,
మాట తెలియక కాదు.
నిఘంటువు తీసి చూసి
దయ అని రాశాను.

పర్మినెంటు సిబ్బందికి పది నిమిషాల దయ కలదు.
కాంట్రాక్టు సిబ్బందికి దయ లేదు.
ఒక్క నిమిషం దాటినా సగం రోజు కోత.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆఫీసులో పేరు.
రెండు రోజులు గుండ్రంగానే వేలాడింది ఆ వాక్యం,
క్యాంటీన్ రేట్లకూ రక్తదాన శిబిరానికీ మధ్య.
చదివినవాళ్లు చదివారు. ఎవరూ నవ్వలేదు.
మూడోనాడు మేనేజరు చూసి మండిపడ్డాడు:
"దయేంటయ్యా, ఇది గుడి అనుకున్నావా?
సడలింపు అని రాయి."
తెల్లరంగు పూసి సడలింపు అని రాశాను.
ఎండ పడ్డప్పుడు ఆ పూత కింద
దయ కనిపిస్తూనే ఉండేది,
లేదు అనే మాట పక్కన.

వేలిముద్ర మిషనుకు ఈ సంగతులు తెలియవు.
ఎవరు వేలు పెట్టినా
ఒకే ఆడగొంతుతో థ్యాంక్యూ అంటుంది.
తేడా చేసేది అది కాదు.
నెలాఖరున షీటు తెరిచి
ఎనిమిదీ ఏడు అని ఉన్న నా పేరు దాటేసి
ఎనిమిదీ రెండు అని ఉన్న ఆమె పేరు పక్కన
అర అని వేసేది ఈ చెయ్యే.

ఒక జీతాల రోజు కిటికీ దగ్గరికొచ్చింది మొగులమ్మ.
కొట్లాటకు రాలేదు. లెక్కకొచ్చింది.
"నాలుగు దినాలు సగం సగం కోసిండ్రు సార్,
కోస్తే కోసిండ్రు.
గని పొద్దుమీకేదాంక సీసలు కడుగుతనే ఉన్న గద.
ఆ సగం దినం నేను యాడున్నట్టు రాసిండ్రు?"

షీట్లో వెతికాను.
నిజంగానే వెతికాను.
హాజరుకు గడి ఉంది, గైర్హాజరుకు ఉంది,
ఆమెకు ఎప్పటికీ రాని సెలవులకు కూడా ఉంది.
ఉండీ లేనివాళ్లకు గడి లేదు.
"రూలమ్మా" అన్నాను.
ఆ మాటన్నాక టీ చేదనిపించిందని రాస్తే అబద్ధం.
టీ బాగానే ఉంది.
పర్మినెంటు టీ, రెండు రూపాయలు.

మొన్న ముసురు పట్టిన పొద్దున
షాపూర్‌నగర్ నీళ్లలో బస్సు నిలబడిపోయింది.
ఇద్దరం దిగి పరిగెత్తాం.
నాకు పరిగెత్తే పని లేదని
సగం దూరంలో గుర్తొచ్చింది.
అయినా ఆగలేదు.

మిషను దగ్గర ముందు నేనున్నాను.
ఏడూ యాభై తొమ్మిది.
పక్కకు జరిగి, నువ్వు పెట్టమ్మా అన్నాను.
పదకొండేళ్ల సోడా నీళ్లకు గీతలరిగిన వేలు.
పడలేదు.
కొంగుకు తుడిచి పెట్టింది. పడలేదు.
నోటి దగ్గర పెట్టుకుని ఊదింది,
చలికి చిన్నపిల్ల చెయ్యి ఊదినట్టు.
వెనక లైను గొణుగుతోంది.
థ్యాంక్యూ అంది మిషను.
ఎనిమిదీ ఒకటి.

ఆమె నా వైపు చూడలేదు.
తడి చెప్పులు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది.
నేను వేలు పెట్టాను.
థ్యాంక్యూ.

ఇంకా తొమ్మిది నిమిషాల దయ
నా దగ్గర మిగిలే ఉంది,
ఎవరి పేరుకూ బదిలీ చేయడానికి వీల్లేనిది.